ఆన్‌లైన్ రమ్మీ వివాదం

ఆన్‌లైన్ రమ్మీ వివాదం అనగా డబ్బు పందెంగా పెట్టి కంప్యూటరు, మొబైల్ ఫోనుల ద్వారా ఆడే రమ్మీ ఆట చట్టసమ్మతమా, కాదా అన్న విషయంపై భారతదేశంలో సాగిన చర్చ. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని ఒక పక్షం, అది జూదమే అని మరొక పక్షం వాదించాయి. ఈ వాదనకు మూలమైన సుప్రీంకోర్టు తీర్పు 1967లో సికింద్రాబాదుకు చెందిన ఒక క్లబ్బు కేసులో వెలువడినది. పందెపు రమ్మీని ఆన్‌లైన్‌లో నిషేధించిన తొలి రాష్ట్రాలలో తెలంగాణ (2017), ఆంధ్ర ప్రదేశ్ (2020) ఉన్నవి. 2025లో భారత పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసినది. ఆట స్వభావం, సాంకేతికత, అలవాటు, ప్రభుత్వ అధికారం అనే నాలుగు అంశాలు ఈ వివాదంలో కలసి ఉన్నవి.

పేరు, పరిభాష

తెలుగువారు కార్డులను పేకముక్కలు అని, వాటితో ఆడే ఆటలన్నిటినీ పేకాట అని అంటారు. నాలుగు రంగులకు ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అనేవి వాడుకలోని పేర్లు. బొమ్మ ముక్కలను రాజు, రాణి, జాకీ అని, ఒకటవ ముక్కను ఆసు అని పిలుస్తారు. పేకమేడ, తురుపుముక్క వంటి మాటలు ఆట తెలియనివారి నోట కూడా వినబడుతుంటాయి. పోలీసులు పట్టుకున్నవారిని వార్తాపత్రికలు "పేకాటరాయుళ్లు" అని వ్రాయడం పరిపాటి. పేకాటలో అనేక రకాలు ఉన్నప్పటికీ, తెలుగునాట పేకాట అనగానే ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది 13 ముక్కల రమ్మీయే.

ఆడే విధానం

భారతదేశంలో ప్రచారంలో ఉన్న రమ్మీని సాధారణంగా 2 నుండి 6 మంది ఆడతారు. ఎక్కువమంది ఆడేటప్పుడు 52 ముక్కల పేకలు రెండు, వాటితో పాటు జోకర్లు వాడతారు. ఒక్కొక్కరికి 13 ముక్కలు పంచుతారు. తమ వంతు వచ్చినపుడు ఆటగాడు ఒక ముక్క తీసుకొని, ఒక ముక్క వదలాలి. చేతిలోని 13 ముక్కలను వరుసలుగా, జట్లుగా అమర్చినవారు ఆట గెలుస్తారు. ఒకే రంగులో వరుస సంఖ్యలు గల మూడు లేక అంతకు మించిన ముక్కలు వరుస అవుతాయి. ఒకే సంఖ్య గల వేర్వేరు రంగుల ముక్కలు జట్టు అవుతాయి. కనీసం రెండు వరుసలు ఉండవలెను. వాటిలో ఒకటి జోకరు సహాయం లేనిదై ఉండవలెను. ఆటగాళ్లు దీనిని "లైఫు" అని కూడా అంటారు.

ఓడినవారి చేతిలో మిగిలిన ముక్కలను లెక్కకట్టి పాయింట్లు వేస్తారు. ఆసుకు, బొమ్మ ముక్కలకు పదేసి పాయింట్లు, మిగిలిన వాటికి వాటి సంఖ్య ఎంతో అన్ని పాయింట్లు. ఒక ఆటలో గరిష్ఠంగా 80 పాయింట్లు పడతాయి. పందెం పెట్టి ఆడేటప్పుడు ఒక్కొక్క పాయింటుకు ఇంత అని గానీ, ఆటకు ఇంత అని గానీ ముందే నిర్ణయించుకుంటారు.

నేర్పు, అదృష్టం

వివాదమంతటికీ కేంద్రమైన ప్రశ్న ఈ ఆటలో నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్నది. ఒక చిన్న ఉదాహరణతో దీనిని అర్థం చేసుకోవచ్చును. ఒకరి చేతిలో ఆఠీను 6, 7 ఉన్నవనుకుందాము. వరుస పూర్తి కావడానికి ఆఠీను 5 గానీ 8 గానీ రావాలి. రెండు పేకలు కలిపినపుడు 5లు రెండు, 8లు రెండు, మొత్తం నాలుగు ముక్కలు పనికివస్తాయి. వేరొకరి చేతిలో ఆఠీను 6, 8 ఉన్నవనుకుందాము. వారికి కావలసినది 7 ఒక్కటే. అవి రెండే ఉంటాయి. అనగా జోకర్లను లెక్కలోకి తీసుకోకపోతే, మొదటి ఆటగాడికి పనికివచ్చే ముక్కలు రెండవవానికంటే రెట్టింపు. ఏ జంటను ఉంచుకోవాలి, దేనిని విడగొట్టాలి అన్నది ఆలోచనతో తేలే విషయం. ఎదుటివారు ఇప్పటికే ఒక ఆఠీను 5ను వదలి ఉంటే ఈ లెక్క మారుతుంది. కనుక వదలిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఎదుటివారు ఏ ముక్కలు ఎత్తుకుంటున్నారో గమనించడం, చేయి బాగా లేదనిపిస్తే తక్కువ పాయింట్లతో ఆట నుండి తప్పుకోవడం (డ్రాపు) నేర్పులో భాగాలు.

మొదట పంచిన 13 ముక్కలు ఎటువంటివి, తరువాత పేక నుండి ఏ ముక్క వస్తుంది అన్నవి మాత్రం ఎవరి చేతిలోనూ లేవు. ఒక్క ఆటలో అదృష్టానికి పెద్ద పాత్ర ఉంటుంది. వందల ఆటలు ఆడినపుడు నేర్పరి పైచేయి సాధిస్తాడు. "నేర్పు ఆట" అన్నవారూ, "జూదం" అన్నవారూ ఒకే ఆటలోని రెండు నిజాలను చెరొక వైపు నుండి చూపుతున్నారని గమనించవచ్చును.

పూర్వరంగం

జూదం గురించిన చర్చ భారతదేశంలో మిక్కిలి ప్రాచీనమైనది. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం పాచికల వ్యసనంలో పడి ఇల్లాలిని, ఇంటిని పోగొట్టుకున్న జూదరి వేదనను వర్ణిస్తుంది. మహాభారతం సభాపర్వంలోని ద్యూతం కథను నడిపించే ప్రధాన ఘట్టం. నన్నయ తెనిగించిన భాగంలో సభాపర్వం కూడా ఉన్నందున ఈ ఘట్టం తెలుగు పాఠకులకు మొదటి నుండి పరిచితమే. ధర్మరాజు, శకుని ఒకే పలక ముందు కూర్చున్నారు. అయితే శకునికి పాచికల విద్య తెలుసును, ధర్మరాజుకు తెలియదు. కనుక నేర్పు ఉన్న ఆటలో అది తక్కువైనవాడు ఏమవుతాడన్న ప్రశ్న కొత్తది కాదు.

జూదంపై చట్టాలు

బ్రిటిషు పాలనలో 1867లో చేసిన పబ్లిక్ గాంబ్లింగ్ చట్టం జూదగృహాన్ని నడపడాన్ని, అందులో ఆడడాన్ని శిక్షార్హం చేసినది. కేవలం నేర్పుపై ఆధారపడిన ఆటలకు అందులోనే మినహాయింపు ఇచ్చినది. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానపు జూద చట్టంలో కూడా ఇటువంటి మినహాయింపే ఉండేది. స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 34వ అంశం క్రింద పందేలను, జూదాన్ని రాష్ట్రాల అధికారంలో ఉంచినది. అందువలన ఒక రాష్ట్రంలో నేరమైనది పొరుగు రాష్ట్రంలో నేరం కాకపోవచ్చును.

1957లో సుప్రీంకోర్టు చమర్‌బాగ్‌వాలా కేసులలో రెండు విషయాలు తేల్చినది. మొదటిది, జూదం రాజ్యాంగం రక్షించే వ్యాపారం కాదు. రెండవది, గెలుపు గణనీయంగా నేర్పుపై ఆధారపడే పోటీలు జూదం క్రిందకు రావు. ఆ తరువాతి తీర్పులన్నిటికీ ఈ విభజనే పునాది అయినది. 1996లో గుర్రపు పందేలను నేర్పుకు సంబంధించినవిగా సుప్రీంకోర్టు పరిగణించినది కూడా ఈ సూత్రాన్ని అనుసరించియే.

సత్యనారాయణ కేసు

1963లో సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై హైదరాబాదు జూద చట్టం క్రింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష విధించగా, హైకోర్టు దానిని రద్దు చేసినది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. "స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ"గా ప్రసిద్ధమైన ఈ కేసులో 1967 నవంబరు 22న తీర్పు వచ్చినది. తీర్పును జస్టిస్ ఎం. హిదయతుల్లా వ్రాశారు.

మూడు ముక్కలాట వలె రమ్మీ పూర్తిగా అదృష్టంపై ఆధారపడినది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికి, ఏవి ఉంచుకోవాలో ఏవి వదలాలో నిర్ణయించడానికి నేర్పు కావాలని, కనుక అది ప్రధానంగా నేర్పు ఆట అని కోర్టు చెప్పినది. ప్రభుత్వపు అప్పీలును కొట్టివేసినది.

ఈ తీర్పులో తరచుగా మరచిపోయే భాగం ఒకటి ఉన్నది. పందెం పెట్టి ఆడే రమ్మీ నుండి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్లు సాక్ష్యం ఉంటే అది నేరం కావచ్చునని కోర్టు అదే తీర్పులో పేర్కొన్నది. ఆ క్లబ్బు సభ్యుల నుండి తీసుకున్నది సదుపాయాలకు మామూలుగా తీసుకునే రుసుము మాత్రమేనని భావించినందున శిక్ష నిలువలేదు. ఆట ఎటువంటిది అన్నది ఒక ప్రశ్న, ఆటవలన ఎవరు లాభపడుతున్నారు అన్నది మరొక ప్రశ్న. ఆన్‌లైన్ రమ్మీ వచ్చిన తరువాత మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును కంపెనీలు విరివిగా ఉదహరించగా, రెండవ ప్రశ్న దానికంటే బరువైనదిగా తేలినది.

క్లబ్బు నుండి ఫోనుకు

చవక స్మార్ట్‌ఫోనులు, తక్కువ ధరకు ఇంటర్నెట్, ఫోను ద్వారా డబ్బు చెల్లింపులు వ్యాపించడంతో 2010ల దశాబ్దంలో ఆన్‌లైన్ రమ్మీ విస్తరించినది. నియమాలు పాతవే అయినా ఆడే పరిస్థితులు ఈ క్రింది విధంగా మారినవి.

వేగం: పేక కలపడం, పంచడం, పాయింట్లు లెక్కించడం యంత్రమే చేస్తుంది. ఒక్కొక్క వంతుకు కొన్ని సెకన్ల గడువు మాత్రమే ఉంటుంది. ఒక గంటలో ఆడగల ఆటల సంఖ్య చాలా పెరుగుతుంది.

సమయం: క్లబ్బుకు తలుపులు వేసే వేళ ఉంటుంది. ఫోనుకు అది లేదు. అర్ధరాత్రి కూడా ఎదుటి ఆటగాళ్లు దొరుకుతారు.

ఎదుటివారు: క్లబ్బులో ఎదురుగా కూర్చున్నవారు పరిచయస్తులు. "ఇక చాలు, ఇంటికి వెళ్ళు" అనేవారు ఒకరైనా ఉంటారు. తెరపై కనబడేది ఒక పేరు మాత్రమే. ఆ పేరు వెనుక మనిషి ఉన్నాడో, కంప్యూటరు ప్రోగ్రామే ఆడుతున్నదో ఆటగాడికి తెలియదు.

పంపిణీ: ముక్కలను యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ప్రోగ్రాము పంచుతుంది. దానిని బయటి సంస్థలచే పరీక్ష చేయించామని కంపెనీలు చెప్పేవి. ఆటగాడు తన కళ్ళతో పేకను కోసి చూసుకునే అవకాశం మాత్రం పోయినది.

రుసుము: ప్రతి ఆటలోనూ పందెపు మొత్తం నుండి కంపెనీ కొంత శాతం తీసుకునేది. దీని ప్రభావాన్ని లెక్కతో చూడవచ్చును. ఆరుగురు తలా రూ.100 పెట్టి ఆడుతున్నారని, కంపెనీ రుసుము 10 శాతమని అనుకుందాము. మొత్తం రూ.600లో రూ.60 కంపెనీకి, రూ.540 గెలిచినవారికి పోతుంది. ఆరుగురూ సమానమైన నేర్పరులైతే 60 ఆటలలో ఒక్కొక్కరు 10 ఆటలు గెలుస్తారు. పెట్టినది రూ.6,000, వచ్చినది రూ.5,400. సమానంగా ఆడినా ప్రతి ఒక్కరికీ రూ.600 నష్టం. ఆరుగురి నష్టం కలిపి రూ.3,600 కంపెనీకి చేరుతుంది. లాభం రావాలంటే 60లో కనీసం 12 ఆటలు గెలవాలి. ఆరుగురూ అలా గెలవడం అసాధ్యం. అనగా కొద్దిమంది నేర్పరుల లాభం, కంపెనీ ఆదాయం రెండూ మిగిలినవారి నష్టం నుండే రావాలి. ఈ లెక్క నేర్పు ఆటకూ వర్తిస్తుంది, అదృష్టపు ఆటకూ వర్తిస్తుంది.

అలవాటు, వ్యసనం

అప్పుడప్పుడు కాలక్షేపానికి ఆడేవారందరూ వ్యసనపరులు కారు. అయితే జూదవ్యసనాన్ని వైద్యశాస్త్రం ఒక రుగ్మతగా గుర్తించినది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రచురించిన వర్గీకరణలో దీనిని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలతో పాటు ఒకే విభాగంలో చేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించగా 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన ఐసీడీ-11 వ్యాధుల జాబితాలో జూద రుగ్మతతో పాటు, డబ్బుతో సంబంధం లేని ఆటల రుగ్మత కూడా ఉన్నది. ఆటపై అదుపు తప్పడం, మిగిలిన పనులకంటే దానికే ప్రాధాన్యం ఇవ్వడం, హాని కలుగుతున్నదని తెలిసినా మానలేకపోవడం దీని లక్షణాలు.

పోయిన డబ్బును తిరిగి రాబట్టుకోవాలని ఇంకా పెద్ద పందెం కాయడం జూదవ్యసనంలో తరచుగా కనిపించే దశ. రమ్మీలో ఇది మరింత బలపడే వీలున్నది. అదృష్టపు ఆటలో ఓడినవాడు తన రాతను నిందించుకుంటాడు. నేర్పు ఆటలో ఓడినవాడు మరికొంచెం జాగ్రత్తగా ఆడితే గెలిచేవాడినని అనుకుంటాడు. ఫోను ద్వారానే అప్పులిచ్చే ఆప్‌లు అందుబాటులోకి రావడంతో, ఆటకు, అప్పుకు మధ్య దూరం తగ్గినది. అప్పులపాలై ఆత్మహత్యలు చేసుకున్నవారి గురించి తెలుగు రాష్ట్రాలలోనూ, తమిళనాడులోనూ వార్తలు వచ్చిన తరువాతనే ప్రభుత్వాలపై ఒత్తిడి పెరిగినది.

రాష్ట్రాల చట్టాలు

తెలంగాణ: 1974 నాటి జూద చట్టంలో నేర్పు ఆటలకు ఉన్న మినహాయింపును 2017 జూన్‌లో ఆర్డినెన్సు ద్వారా సవరించి, ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించినది. అదే సంవత్సరంలో దానిని చట్టంగా చేసినది.

ఆంధ్ర ప్రదేశ్: 2020 సెప్టెంబరులో మంత్రివర్గ నిర్ణయం, దాని వెనువెంటనే ఆర్డినెన్సు వచ్చినవి. నిర్వాహకులకు మొదటిసారి ఒక సంవత్సరం, రెండవసారి 2 సంవత్సరాల జైలుశిక్ష, ఆడేవారికి 6 నెలల శిక్ష ఉంటుందని ప్రభుత్వం ప్రకటించినది. 2020 అక్టోబరులో ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లను, ఆప్‌లను నిలుపుదల చేయించవలసినదిగా కేంద్రానికి లేఖ వ్రాశారు. ఇంటర్నెట్‌కు సంబంధించిన విషయంలో రాష్ట్ర చట్టానికి గల పరిమితి దీనివలన తెలుస్తుంది.

తమిళనాడు: 2021లో చేసిన నిషేధాన్ని మద్రాసు హైకోర్టు అదే సంవత్సరం ఆగస్టులో కొట్టివేసినది. విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు కమిటీ నివేదిక తరువాత చేసిన 2022 చట్టానికి గవర్నరు ఆమోదం 2023 ఏప్రిల్‌లో లభించినది. రమ్మీకి, పోకరుకు నిషేధం వర్తించదని 2023 నవంబరులో హైకోర్టు చెప్పినది. అర్ధరాత్రి 12 నుండి ఉదయం 5 గంటల వరకు ఆట ఆపాలన్న నియమాన్ని 2025 జూన్‌లో అదే కోర్టు సమర్థించినది.

కేరళ, కర్ణాటక: కేరళ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన ప్రకటనను అక్కడి హైకోర్టు అదే సంవత్సరం సెప్టెంబరులోను, కర్ణాటక 2021లో చేసిన సవరణను ఆ రాష్ట్ర హైకోర్టు 2022 ఫిబ్రవరిలోను రద్దు చేసినవి.

సిక్కిం, నాగాలాండ్: ఈ రాష్ట్రాలు నిషేధానికి బదులు లైసెన్సు పద్ధతిని ఎంచుకున్నవి. సిక్కిం చట్టం 2008 నాటిది.

ఈ విధంగా ఒకే దేశంలో ఒకే ఆట ఒకచోట నేరం, ఒకచోట లైసెన్సు గల వ్యాపారం, మరొకచోట హైకోర్టు రక్షించిన హక్కు అయినది. నిషేధించిన రాష్ట్రాల వారిని కంపెనీలు ఫోనులోని స్థాన సమాచారం ద్వారా గుర్తించి ఆపవలసి వచ్చినది.

పన్నులు

నిషేధంపై చర్చ సాగుతుండగానే ప్రభుత్వం పన్ను విధించినది. 2023 ఏప్రిల్ నుండి ఆన్‌లైన్ ఆటలలో నికర గెలుపుపై 30 శాతం ఆదాయపు పన్ను మూలంలోనే కోత విధించే పద్ధతి వచ్చినది. 2023లో జీఎస్టీ మండలి 28 శాతం పన్నును కంపెనీ రుసుముపై కాక, ఆటగాడు జమచేసిన పూర్తి మొత్తంపై వేయాలని నిర్ణయించగా, అది అక్టోబరు 1 నుండి అమలైనది. నేర్పు ఆటకు, అదృష్టపు ఆటకు పన్ను విషయంలో తేడా ఉండదని దీనితో స్పష్టమైనది. పన్ను తీసుకోవడం ఆటను అంగీకరించడమేనని కొందరు, మద్యం వలె నిరుత్సాహపరచడానికే ఎక్కువ పన్ను అని మరికొందరు వాదించారు.

2025 కేంద్ర చట్టం

ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహం, క్రమబద్ధీకరణ బిల్లును లోక్‌సభ 2025 ఆగస్టు 20న, రాజ్యసభ ఆగస్టు 21న ఆమోదించినవి. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది. ఈ చట్టం ఆటలను ఈ-స్పోర్ట్స్, సామాజిక ఆటలు, డబ్బు ఆటలు అని మూడుగా విభజించినది. మొదటి రెండింటిని ప్రోత్సహిస్తుంది. డబ్బు ఆటలను, అవి నేర్పువైనా అదృష్టానివైనా, నిషేధిస్తుంది. వాటిని నడిపేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి 2 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చును. డబ్బు చెల్లింపులకు తోడ్పడే సంస్థలు కూడా శిక్షార్హులే. ఆడేవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు. వారిని బాధితులుగా పరిగణించినట్లు ప్రభుత్వం వివరించినది. 2020 నాటి ఆంధ్ర ప్రదేశ్ పద్ధతికి, దీనికి ఇది ముఖ్యమైన భేదం.

పందెపు ఆటలు నడిపే ప్రముఖ కంపెనీలు 2025 ఆగస్టులోనే వాటిని నిలిపివేసినవి. కొన్ని కంపెనీలు హైకోర్టులను ఆశ్రయించగా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులను తనకు బదిలీ చేసుకున్నది.

వాదప్రతివాదాలు

నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదనలు ఇవి. రమ్మీ నేర్పు ఆట అని సుప్రీంకోర్టే చెప్పినది. వయోజనులు తమ డబ్బుతో ఏమి చేయాలో తామే నిర్ణయించుకోవాలి. నిషేధం వలన ఆటగాళ్లు విదేశాల నుండి నడిచే, ఏ చట్టానికీ లొంగని వెబ్‌సైట్లకు మరలుతారు. ఈ పరిశ్రమలో 2 లక్షలకు పైగా ఉద్యోగాలు ఉన్నవని సంస్థల సంఘాలు చెప్పినవి. జూదం రాష్ట్ర జాబితాలోనిది గనుక కేంద్రం చట్టం చేయడంపై కూడా ప్రశ్న ఉన్నది. రోజుకు ఇంత, నెలకు ఇంత అని పరిమితి పెడితే చాలునని వీరు సూచించారు.

నిషేధాన్ని సమర్థించేవారి వాదనలు ఇవి. డబ్బు ఆటల వలన ఏటా సుమారు రూ.20,000 కోట్లు ప్రజలు నష్టపోతున్నారని కేంద్రం అంచనా వేసినది. నష్టపోయేవారిలో తక్కువ ఆదాయం గలవారు, విద్యార్థులు ఉన్నారు. నష్టం ఆటగాడితో ఆగక, ఆటలో చేరని భార్యాపిల్లలపై పడుతుంది. 1967 తీర్పు పరిచయస్తులు కూర్చుని ఆడుకునే క్లబ్బును గురించినది. ప్రతి ఆటలో వాటా తీసుకునే కంపెనీకి అది వర్తించదు. ఇంటర్నెట్‌కు రాష్ట్ర సరిహద్దులు లేవు గనుక కేంద్ర చట్టమే సరైనది.

రెండు పక్షాలూ రమ్మీకి నేర్పు కావాలన్న విషయంలో పెద్దగా విభేదించవు. నేర్పు ఉన్నంత మాత్రాన హాని ఉండదా, హాని ఉన్నంత మాత్రాన నిషేధించవచ్చునా అన్నవే వారి మధ్య మిగిలిన ప్రశ్నలు. డబ్బు లేకుండా ఇంటిలో గానీ, ఫోనులో గానీ ఆడే రమ్మీని ఏ చట్టమూ నిషేధించలేదు. ఆఠీను 6, 7లను ఉంచుకోవాలా, 6, 8లను ఉంచుకోవాలా అనే ఆలోచనలోని ఆనందం ఆ ఆటలో యథాతథంగానే ఉన్నది.